భూగర్భ బొగ్గు గనుల వల్ల కుంగిన పొలాలు: నేలను, పచ్చదనాన్ని తిరిగి నిలబెట్టుకునే విధానం

గోదావరి లోయ బొగ్గు క్షేత్రంలో కొత్తగూడెం, ఇల్లందు, రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి ప్రాంతాల్లో చాలా పొలాల కింద బొగ్గు బాయిలు నడిచాయి, కొన్నిచోట్ల ఇంకా నడుస్తున్నాయి. సింగరేణి ఉత్పత్తిలో ఎక్కువ భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనులదే. అక్కడ భూమి మొత్తం గని కిందికే పోతుంది. భూగర్భ గని విషయం వేరు. చాలాచోట్ల పైన భూమి రైతు చేతిలోనే ఉంటుంది, సాగూ సాగుతుంది. కింద బొగ్గు తీసిన కొన్నాళ్లకు పొలం కుంగుతుంది, పగుళ్లు వస్తాయి, బావిలో నీరు తగ్గుతుంది.

ఇలాంటి పొలాన్ని చాలావరకు బాగు చేసుకోవచ్చు. అయితే పనుల వరుస తప్పకూడదు. పగుళ్లను వెంటనే పూడ్చాలి. చదును, కొత్త గట్లు, బావి, పండ్ల తోట వంటి ఖర్చుతో కూడిన పనులు మాత్రం నేల కదలిక ఆగాకే చేయాలి. కుంగిన ఏడాదే అప్పు చేసి పొలం చదును చేయించుకుని, మరుసటి ఏడాది అది మళ్లీ కుంగి, అదే పని రెండోసారి చేయించుకునే రైతులు మా విస్తరణ పనిలో తరచు కనిపిస్తుంటారు.

నేల ఎందుకు కుంగుతుంది?

మన భూగర్భ గనుల్లో ఎక్కువగా వాడేది స్తంభాల పద్ధతి. మొదట బొగ్గు పొరలో దారులు తవ్వుతూ మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. ఈ దశలో పై నేలకు సాధారణంగా ఏమీ కాదు. తర్వాత ఆ స్తంభాలను కూడా తీస్తారు. దీన్నే డీపిల్లరింగ్ అంటారు. కుంగుడు మొదలయ్యేది ఇక్కడే. ‘ఇరవై ఏళ్లుగా మా కింద బాయి ఉంది, ఏమీ కాలేదు, ఇప్పుడెందుకు ఇలా అయింది?’ అని రైతులు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే.

స్తంభాలు తీశాక ఖాళీని రెండు విధాలుగా వదులుతారు. ఒకటి, ఇసుకను నీటితో పంపి ఖాళీని నింపడం. పూర్వం దీనికి గోదావరి ఇసుక వాడేవారు. ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి నుంచి వేరు చేసిన ఇసుకను కూడా ఇప్పుడు వాడుతున్నారు. ఇలా నింపితే పై నేల చాలా తక్కువ దిగుతుంది. రెండోది, పైకప్పును కూలనివ్వడం. దీన్ని కేవింగ్ అంటారు. లోతు తక్కువగా, తవ్విన వెడల్పు ఎక్కువగా ఉన్నచోట కేవింగ్ చేస్తే, తీసిన బొగ్గు మందంలో సగానికి పైగా పై నేల దిగవచ్చు. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల వంటి లాంగ్‌వాల్ గనుల్లో కూడా యంత్రం ముందుకు జరిగేకొద్దీ వెనుక కప్పు కూలుతుంది.

కాబట్టి గని అధికారులను అడగాల్సిన మొదటి ప్రశ్నలు మూడు: మా సర్వే నంబరు కింద డీపిల్లరింగ్ ఎప్పుడు? ఇసుక నింపుతారా, కూలనిస్తారా? ఈ పొర కింద తీయాల్సిన మరో పొర ఉందా? మూడో ప్రశ్న చాలా ముఖ్యం. గోదావరి లోయలో ఒకదాని కింద ఒకటిగా అనేక బొగ్గు పొరలు ఉన్నాయి. ఒక పొర తీశాక కుదురుకున్న నేల, కింది పొర తీసినప్పుడు మళ్లీ కుంగుతుంది.

పొలంలో ఏం కనిపిస్తుంది?

కుంగిన నేల పళ్లెం ఆకారంలో ఉంటుంది. మధ్యభాగం దిగి నీరు నిలుస్తుంది. అంచుల దగ్గర నేల సాగి పగుళ్లు వస్తాయి. పళ్లెం అంచు కింద తవ్విన హద్దును దాటి కొంత బయటికి కూడా వస్తుంది. అందుకే గని హద్దుకు బయట ఉన్న పొలంలోనూ పగుళ్లు రావచ్చు.

ఎండాకాలంలో నల్లరేగడిలో వచ్చే నెర్రెలనూ గని పగుళ్లనూ ఒకటిగా అనుకోవద్దు. నెర్రెలు వలలా నలుదిక్కులా పారి, వానలు పడగానే మూసుకుపోతాయి. గని పగులు పొడవుగా ఒకే దిశలో సాగుతుంది. గట్టును, బండ్ల బాటను, రోడ్డును దాటుకుంటూ పోతుంది. తరచుగా పగులుకు ఒక పక్క నేల కొంచెం కిందికి దిగి ఉంటుంది. వాన నీరు అందులోకి పోయి నిలవకుండా మాయమవుతుంది. ఎర్ర చెలకల్లో, దుబ్బ నేలల్లో నెర్రెలు రావు కాబట్టి అక్కడ పొడవైన పగులు కనిపిస్తే వెంటనే అనుమానించాలి.

తక్కువ లోతులో జరిగిన పాత తవ్వకాలపై మరో ప్రమాదం ఉంది. దశాబ్దాల తర్వాత కూడా ఒక్కసారిగా గుండ్రటి గుంట పడవచ్చు. ఇలాంటి చోటికి పశువులు, ట్రాక్టర్ వెళ్లకుండా చుట్టూ ముళ్ల కంప వేసి, గని కార్యాలయానికి, తహసీల్దారుకు తెలపాలి. దాన్ని సొంతంగా పూడ్చే ప్రయత్నం చేయవద్దు.

మొదటి పని: కొలవడం, రాసి పెట్టుకోవడం

నేల కదలిక ఆగిందో లేదో కంటితో చెప్పలేం. దీనికి పెద్ద పరికరం అవసరం లేదు. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక నీటి గొట్టం చాలు.

1. పొలం ఒక అంచు నుంచి మరో అంచు వరకు సుమారు 20 మీటర్లకు ఒకటి చొప్పున గట్టి గూటాలు పాతాలి. దుక్కి నాగళ్లు తగలకుండా వీలైనంత వరకు గట్ల మీద పెట్టాలి.
2. కుంగే ప్రాంతానికి బాగా బయట ఉన్న కల్వర్టు, పాత కట్టడం వంటి కదలని చోటును ఆధారంగా తీసుకోవాలి.
3. గొట్టంతో ఒక్కో గూటం మట్టాన్ని ఆధారంతో పోల్చి, తేదీ వేసి నోటు పుస్తకంలో రాయాలి. నెలకోసారి ఇలాగే కొలవాలి.
4. అదే రోజు పగుళ్ల వెడల్పును, బావి నీటి మట్టాన్ని కూడా రాయాలి. పగులు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి.

కదలికలో ఎక్కువ భాగం బొగ్గు తీసిన మొదటి కొన్ని నెలల్లోనే జరుగుతుంది. మిగిలిన కుదుపు రెండు, మూడేళ్ల దాకా సాగవచ్చు. వరుసగా రెండు వానాకాలాలు గడిచినా కొలతల్లో మార్పు లేకపోతే, కింది పొర తవ్వే ఆలోచన కూడా గనికి లేకపోతే, శాశ్వత పనులకు దిగవచ్చు. గని సర్వేయర్లు కూడా పైన మట్టాలు కొలుస్తుంటారు. మీ సర్వే నంబరుకు సంబంధించిన కొలతలను రాతపూర్వకంగా అడగండి.

డీపిల్లరింగ్ మొదలు కాకముందే పొలం ఫొటోలు, బావి లోతు, నీటి మట్టం, చెట్ల లెక్క, పంట దిగుబడి రాసి పెట్టుకోవడం మరీ మంచిది. నష్టం జరిగాక ‘ముందు ఎలా ఉండేది’ అన్నదానికి రుజువు దొరకదు. కౌలు రైతులు కూడా తాము వేసిన పంట వివరాలను వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గర పంటల నమోదులో తప్పక రాయించుకోవాలి.

పగుళ్లను పూడ్చే పద్ధతి

పగుళ్లను వదిలేస్తే మూడు నష్టాలు. వాన నీరు, దానితోపాటు పైమట్టి, ఎరువు కిందికి పోతాయి. చెట్ల వేర్లు తెగి, గాలి తగిలి ఎండుతాయి. మూడోది, పగుళ్ల ద్వారా గాలి లోపలికి పోతే కింద మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి అంటుకోవచ్చు. జార్ఖండ్‌లోని ఝరియాలో 1916లో మొదట గుర్తించిన భూగర్భ మంటలు నేటికీ పూర్తిగా ఆరలేదు. అక్కడ ఊళ్లనే ఖాళీ చేయించాల్సి వచ్చింది.

అంగుళం, రెండు అంగుళాల పగుళ్లను రైతులే పూడ్చవచ్చు. అంతకంటే వెడల్పైనవి, అడుగు కనిపించనివి, ఆవిరి గానీ పొగ గానీ వచ్చేవి గని సిబ్బందే పూడ్చాలి.

1. పగులుకు రెండు పక్కలా అడుగున్నర వెడల్పున పైమట్టిని తీసి పక్కన కుప్ప పోయాలి.
2. పగులు వెంట రెండు, మూడు అడుగుల లోతున పైన వెడల్పుగా, కింద ఇరుకుగా కాలువలా తవ్వాలి.
3. అడుగున పగులు కన్నా పెద్ద రాళ్లు వేసి ఇరికించాలి. చిన్న రాళ్లు వేస్తే లోపలికి జారిపోతాయి.
4. ఆపైన కంకర, మొరం వేయాలి.
5. దానిపైన బంకమట్టిని తడిపి, 4 నుంచి 6 అంగుళాల పొరలుగా వేస్తూ దిమ్మిసతో కొట్టాలి. బంకమట్టి మొత్తం మందం కనీసం అడుగు ఉండాలి. నీటినీ గాలినీ ఆపేది ఈ పొరే.
6. చివరగా పైమట్టి వేసి, చుట్టుపక్కల నేల కన్నా 4 నుంచి 6 అంగుళాలు ఎత్తుగా ఉంచాలి. మొదటి వానలకు అది దిగుతుంది.

ఈ పని మే నెలాఖరులోగా పూర్తి చేసి, మొదటి పెద్ద వాన తర్వాత మళ్లీ చూడాలి. దిగినచోట మట్టి నింపాలి. వాలు పై నుంచి వచ్చే నీరు పగులు మీదుగా పారకుండా ఎగువన చిన్న మళ్లింపు కాలువ తీయాలి.

పగుళ్లలో వరి గడ్డి, పత్తి కట్టె, చెత్త వేయకూడదు. అవి కుళ్లి ఖాళీ ఏర్పడుతుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. పగుళ్ల దగ్గర కొయ్యకాళ్లు తగలబెట్టడం, బీడీ కాల్చడం, తొంగి చూడడం వద్దు. లోపలి నుంచి విషవాయువులు రావచ్చు. ప్రాణవాయువు లేని గాలి కూడా రావచ్చు.

చదును చేయాలా, వాడకం మార్చాలా?

నేల కుదురుకున్నాక తీసుకోవాల్సిన నిర్ణయం ఇది. బయటి మట్టితో గుంట నింపాలనుకునే ముందు ఒక లెక్క వేసుకోండి. ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. ఎకరం నేల సగటున అడుగు, అంటే 30 సెంటీమీటర్లు దిగిందనుకుంటే, నింపడానికి సుమారు 1,200 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ట్రాలీకి 3 ఘనపు మీటర్ల చొప్పున 400 ట్రాలీలు. ఈ ఖర్చు ఏ పంటతోనూ సులభంగా తీరదు.

అందుకే దిగిన లోతును బట్టి ఇలా చేయాలి.

అర అడుగులోపు దిగితే: పొలంలోని మట్టినే సర్ది చదును చేయవచ్చు. లేజర్ లెవెలర్ దొరికితే వరి మళ్లకు మేలు.

అర అడుగు నుంచి రెండు అడుగుల వరకు దిగితే: పొలాన్ని ఒకే మట్టానికి తేవాలని చూడవద్దు. వాలుకు అడ్డంగా కొత్త గట్లు వేసి, మెట్టు మెట్టుగా మడులు చేసుకోవాలి. పాత గట్ల హద్దులు మారుతాయి కాబట్టి ముందే సర్వే చేయించి హద్దు రాళ్లు గుర్తించాలి.

అంతకంటే ఎక్కువ దిగి నీరు నిలిస్తే: లోతైన భాగాన్ని కుంటగా వదిలి, అంచుల్లో సాగు చేయడం లాభం. అయితే అడుగున పగుళ్లు లేవని తేల్చుకోవాలి. కింద గని ఇంకా నడుస్తుంటే అక్కడ నీరు నిలపడం కార్మికుల ప్రాణాలకే ముప్పు. గని వారి రాతపూర్వక సమ్మతి లేకుండా కుంట చేయవద్దు.

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందుగా 6 నుంచి 8 అంగుళాల పైమట్టిని తీసి పక్కన పోసి, కింది మట్టిని సర్దాక తిరిగి పరచాలి. డోజర్ వాళ్లు గంటల లెక్కన తొందరపడతారు. పైమట్టి అడుగున పడి, కింది మొరం పైకి వస్తే మూడు, నాలుగేళ్లు పంట సరిగా ఎదగదు. పైమట్టి కుప్ప ఆరు నెలలకు మించి ఉంచాల్సి వస్తే దానిపై జనుము చల్లాలి.

బావులు, బోర్లు, చెరువులు

బొగ్గు పొర పైనున్న ఇసుకరాయి పగిలితే బావి నీరు కిందికి జారుతుంది. అలాంటప్పుడు వెంటనే బావిని లోతు చేయడం, కొత్త బోరు వేయడం సరికాదు. బోరు తవ్విన ఖాళీలోకి దిగితే నీరు రాకపోగా ఉన్న నీరూ పోతుంది, కింద పనిచేసే వారికి ప్రమాదం. బోరు వేసే ముందు గని మ్యాపులో మీ సర్వే నంబరు చూపించి, ఎక్కడ వేయవచ్చో రాయించుకోండి. ఎండిన బావిలోకి పూడిక తీయడానికి దిగవద్దు. లోపల చెడు గాలి ఉండవచ్చు. దీపం దించి చూసే పాత పద్ధతి కూడా ఇక్కడ పనికిరాదు, మండే వాయువు ఉంటే పేలుతుంది. గని రక్షణ సిబ్బంది చేత పరీక్ష చేయించాలి.

గనుల నుంచి తోడే నీటిని సాగుకు వాడుకోవచ్చు. మన బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి మేఘాలయ గనుల్లో లాగా ఆమ్ల నీటి సమస్య ఇక్కడ సాధారణంగా ఉండదు. అయినా ఉదజని సూచిక, లవణాలు, సోడియం పరీక్ష చేయించాకే వాడాలి. పరీక్ష వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి అవసరం.

గని మూసి పంపులు ఆపాక భూగర్భ జలం కొన్నేళ్లలో మళ్లీ పైకి వస్తుంది. ఎండిన బావుల్లో కొన్ని తిరిగి ఊరవచ్చు. కుంగిన పల్లం జవుకుగా మారవచ్చు. పొలంలో అన్నింటికన్నా దిగువ భాగంలో మామిడి తోట, పశువుల కొట్టం పెట్టకపోవడం మంచిది.

ఊరి చెరువు, దానికి నీరు తెచ్చే వాగు, కాలువ వాలు కూడా మారతాయి. ఒక రైతు వల్ల అయ్యే పని కాదిది. గ్రామ పంచాయతీ, నీటిపారుదల శాఖ కలిసి వానలకు ముందు కట్టను, తూమును, కాలువ వాలును చూసుకోవాలి.

నేలలో సారం పెంచడం

చదును చేసిన మొదటి ఏడాది నేలలో జీవం తక్కువ. మట్టి పరీక్ష చేయించేటప్పుడు కోత పడిన భాగం, మట్టి పోసిన భాగం నమూనాలు విడివిడిగా తీయాలి. రెండూ కలిపితే ఫలితం ఏ భాగానికీ పనికిరాదు.

• చెరువు మట్టి: తేలిక నేలల్లో ఎకరాకు 30 ట్రాలీల వరకు వేయవచ్చు. ఇది పొలమంతా సుమారు అంగుళం పొరకు సరిపోతుంది. కొత్తగా గుంటలు నింపడానికి కాకుండా పైపొరగా వాడితేనే ఫలితం.
• పశువుల ఎరువు: ఎకరాకు 4 నుంచి 5 టన్నులు ఆఖరి దుక్కిలో వేయాలి.
• పచ్చిరొట్ట: జీలుగ లేదా జనుము ఎకరాకు 12 నుంచి 15 కిలోలు చల్లి, పూత దశలో, 45 నుంచి 50 రోజులకు కలియదున్నాలి. నీరు నిలిచే పల్లానికి జీలుగ, మెట్టకు జనుము అనుకూలం.
• జింకు: కింది మట్టి బయటపడిన చోట జింకు లోపం ఎక్కువగా వస్తుంది. పరీక్షలో తేలితే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయాలి. భాస్వరం ఎరువులతో కలిపి వేయకూడదు.

పంటల వరుస

కదలిక ఆగని ఏళ్లలో కూడా పొలం బీడు పెట్టనవసరం లేదు. పగుళ్ల వెంట గుర్తులు పెట్టి, ట్రాక్టర్‌ను దూరంగా ఉంచి, మిగిలిన భాగంలో పెసర, మినుము, నువ్వులు, జొన్న వంటి తక్కువ ఖర్చు ఆరుతడి పంటలు వేయాలి. నీరు నిలపాల్సిన వరి ఈ దశలో వద్దు. నిలిపిన నీరే పగుళ్లను పెద్దది చేస్తుంది.

చదును చేసిన మొదటి ఏడాది పచ్చిరొట్ట, తర్వాత ఉలవలు. రెండో ఏడాది కంది, అందులో అంతర పంటగా పెసర లేదా జొన్న. కంది తల్లివేరు గట్టిపడిన కింది పొరను ఛేదిస్తుంది, రాలిన ఆకు నేలకు బలం. మూడో ఏడాది నుంచి మొక్కజొన్న, పత్తి. వరి మడిలో నీరు నిలుస్తోందని ఒక చిన్న మడిలో పరీక్షించి చూశాకే మొత్తం పొలానికి వెళ్లాలి.

చెట్లు, గడ్డి

సాగుకు పనికిరాని పగుళ్ల అంచులు, వాలు, గుంట గట్లు పచ్చదనానికి వదలాలి. మొదట గడ్డి, తర్వాత పొదలు, ఆ తర్వాత చెట్లు అన్న వరుస మంచిది. తొలకరికి స్టైలో, దీనానాథ్ గడ్డి చల్లితే మట్టి కోత ఆగి, పశువులకు మేత వస్తుంది. నీరు పారే అంచున వట్టివేరు నాటాలి.

చెట్లను జూలై, ఆగస్టుల్లో నాటాలి. తడి నిలిచే పల్లానికి నేరేడు, తెల్లమద్ది, కానుగ. మెట్ట వాలుకు వేప, చింత, ఉసిరి, సీతాఫలం, మోదుగ. గట్లపై గ్లైరిసీడియా వేస్తే ఏటా పచ్చిరొట్ట దొరుకుతుంది. పూడ్చిన పగులు గీత మీద కాకుండా కనీసం 3 మీటర్లు ఎడంగా గుంతలు తీయాలి. బావులు ఎండిన చోట నీలగిరి తోటలు వేసి ఉన్న తేమను కూడా పోగొట్టుకోవద్దు. పాత చెట్టు కొద్దిగా ఒరిగినా కొట్టేయవద్దు. వేర్ల చుట్టూ పగులు పూడ్చి, కొమ్మలు కొంత తగ్గిస్తే చాలావరకు కోలుకుంటుంది.

అడగాల్సిన హక్కులు

పొలం బాగు చేయడం రైతు ఒక్కడి బాధ్యత కాదు. కేంద్ర పర్యావరణ శాఖ భూగర్భ గనులకు ఇచ్చే అనుమతుల్లో సాధారణంగా ఈ షరతులు ఉంటాయి: కదలిక పూర్తిగా ఆగేదాకా కుంగుడును కొలవాలి, పగుళ్లను రాళ్లు, బంకమట్టితో పూడ్చాలి, చుట్టుపక్కల బావుల నీటి మట్టాన్ని గమనించాలి. అనుమతి ప్రతి గ్రామ పంచాయతీకి కూడా పంపాలి. షరతుల అమలుపై గని యాజమాన్యం ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి నివేదికలు ఇవ్వాలి. ఇవి ప్రజలు చూడదగిన పత్రాలు. 2009 నుంచి బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక, దాని ఖర్చుకు ఎస్క్రో ఖాతా తప్పనిసరి. అంటే బాగు చేసే డబ్బు గని నడుస్తున్నప్పుడే పక్కన పెట్టాలి.

దరఖాస్తు ఇచ్చేటప్పుడు పట్టాదారు పాస్‌పుస్తకం నకలు, కొలతల నోటు పుస్తకం, తేదీలున్న ఫొటోలు జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఒక్కొక్కరుగా కాకుండా ఆ ప్యానెల్ మీది రైతులందరూ కలిసి ఇస్తే, గని వారు పగుళ్లు పూడ్చడం, కాలువ సరిచేయడం ఒకేసారి చేయడానికి వీలవుతుంది. పరిహారం తీసుకునే పత్రంలో ‘ఇకపై ఏ నష్టానికీ అడగను’ అన్న మాట ఉందేమో చదివించుకుని సంతకం చేయండి. కింద మరో పొర ఉంటే అదే పొలం మళ్లీ కుంగవచ్చు.

ఏడాది పనుల పట్టిక

• జనవరి–మార్చి: మట్టాల కొలత, మట్టి, నీటి పరీక్షలు, గని అధికారులకు దరఖాస్తు.
• ఏప్రిల్–మే: పగుళ్లు పూడ్చడం, మళ్లింపు కాలువలు. నేల కుదురుకున్న పొలాల్లో చదును, గట్లు, చెరువు మట్టి.
• జూన్: పచ్చిరొట్ట, ఆరుతడి పంటలు, గడ్డి విత్తనం. మొదటి వాన తర్వాత పగుళ్ల తనిఖీ.
• జూలై–ఆగస్టు: చెట్లు నాటడం, పచ్చిరొట్ట కలియదున్నడం.
• సెప్టెంబరు–డిసెంబరు: నీరు నిలిచే చోట్ల గుర్తింపు, బావి మట్టాల నమోదు, దిగిన పూడికకు మళ్లీ మట్టి.

మట్టి నమూనా తీయడం, పచ్చిరొట్ట విత్తనాల లభ్యత, పంట ఎంపికపై మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని రైతు వేదికలో గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను గానీ సంప్రదించండి. వచ్చేటప్పుడు కొలతల నోటు పుస్తకం వెంట తెచ్చుకోండి. పొలం కుదురుకుందో లేదో అందులో చూసి, ఈ ఏడు చదునుకు ఖర్చు పెట్టవచ్చా, మరో వానాకాలం ఆగాలా అన్నది చెప్పగలుగుతాం.